టెక్ సందేహాలు: మూరెడు లోతుకు పోగానే డిటెక్టర్ ఎందుకు మూగబోతుంది?

ప్రశ్న: మా చెలకలో పాత బోరు పూడిపోయింది. ఇనుప కేసింగ్ ఎక్కడుందో ఆనవాలు దొరకడం లేదు. చౌకలో ఒక మెటల్ డిటెక్టర్ కొన్నాను. మట్టిపై పడున్న మేకుకు కూడా కూస్తుంది, లోపలున్నదానికి మాత్రం పలకదు. లోతుకు పోయేకొద్దీ మట్టి ఒత్తిడి, గట్టిదనం పెరిగి సిగ్నల్ ఆగిపోతోందా?
– ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఒత్తిడి తప్పేమీ లేదండీ. మీటరు లోతున మట్టి బరువు మోపే ఒత్తిడి, మన నెత్తిన గాలి మోపేదాంట్లో సుమారు ఐదో వంతు. దానికి ఇనుమూ మారదు, అయస్కాంత క్షేత్రమూ ఆగదు. నేలను రోలర్‌తో తొక్కించినా అంతే.

దెబ్బంతా దూరానిది. డిటెక్టర్ పళ్లెంలోని తీగచుట్ట కిందికి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దానివల్ల లోహంలో సుడి కరెంట్లు పుడతాయి, వాటి క్షేత్రం పైకొచ్చి రెండో చుట్టను తాకుతుంది. దూరం రెట్టింపైతే పోయేటప్పుడు బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, వచ్చేటప్పుడు మళ్లీ ఎనిమిదో వంతుకు. అంటే జానెడు లోతున ఖంగుమన్న రూపాయి బిళ్ల, మూరెడు లోతున ఇంచుమించు 64వ వంతే పలుకుతుంది. రెండు మూరలకు పోతే 4,096వ వంతు! డబ్బా మీద ‘పదడుగుల లోతు’ అని అచ్చేసినవాళ్లు ఈ లెక్క వేసుకోలేదు.

మీ విషయంలో ఇంకో చిక్కు, చెలకల్లోని ఎర్రమట్టి. ఆ ఎరుపు ఇనుప ఆక్సైడ్లదే కాబట్టి నేల కూడా లోహంలా గొణుగుతుంది. గ్రౌండ్ బ్యాలెన్స్ ఉన్న పరికరమైతే లోహం లేదనుకున్న చోట పళ్లేన్ని నేలకు దగ్గరగా పైకీ కిందికీ ఆడిస్తూ ఆ గొణుగుడు ఆగేదాకా సరిచేయాలి. చౌక వాటిలో ఈ సదుపాయం చాలావరకు ఉండదు. పెద్ద పళ్లెం ఉన్నది ఒక్కరోజుకు అద్దెకు తెచ్చుకోవడం మేలు. చిన్న వస్తువులు దానికి అందకపోవచ్చు గానీ మీకు కావలసింది కేసింగ్ కదా. అన్నట్టు, అది పీవీసీ పైపైతే ఏ డిటెక్టరూ పలకదు. దొరికిన వెంటనే మూత బిగించండి, ఆ తర్వాతే మిగతా పని.

ప్రశ్న: ఫోన్‌లో మెటల్ డిటెక్టర్ యాప్ వేసుకుంటే పాతింట్లో పాతిపెట్టిన బంగారం కనిపెట్టొచ్చా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: కుదరదు. ఫోన్‌లో ఉన్నది దిక్సూచి కోసం పెట్టిన అయస్కాంత సెన్సర్. అది క్షేత్రాన్ని పంపదు, ఉన్నదాన్ని కొలుస్తుందంతే. మన ప్రాంతంలో భూమి క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు. యాప్ తెరిచి ఫోన్‌ను బల్ల మీద పెట్టండి, ఆ దరిదాపుల్లో అంకె కనిపిస్తుంది. కూరగాయల కత్తిని ఫోన్ పైఅంచుకు దగ్గరగా తెస్తే అంకె గెంతుతుంది, దూరం జరిపితే దిగుతుంది. ఇప్పుడు అమ్మ మెడలోని గొలుసు తెచ్చి చూడండి. కదలదు. బంగారం, వెండి, రాగి, ఇత్తడి ఏవీ దానికి కనబడవు. ఒకవేళ నిజంగానే నిధి దొరికితే? 1878 నాటి నిధుల చట్టం ప్రకారం దాని విలువ 10 రూపాయలు దాటితే చాలు, కలెక్టర్‌కు తెలపాల్సిందే. 10 రూపాయలు అన్నది అచ్చుతప్పు కాదు, అప్పటి ధర.

ప్రశ్న: భీమిలి బీచ్‌లో ఉంగరం పడిపోయింది. ఏ డిటెక్టర్ వాడాలి?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: ఉప్పునీళ్లకు కరెంటు పారుతుంది, పైగా అక్కడి నల్ల ఇసుకలో ఇనుప ఖనిజాలు ఉంటాయి. మామూలు డిటెక్టర్ తడి ఇసుకలో అడుగడుగునా కూస్తుంది. పల్స్ ఇండక్షన్ (క్షేత్రాన్ని కొద్దిసేపు పంపి, ఆపి, ఆ తర్వాత వినే) రకం అడగండి. ఉంగరం తెగకుండా గుండ్రంగా ఉంటే కరెంటు చుట్టూ తిరిగి బాగానే పలుకుతుంది. సన్న గొలుసైతే ఒక్కో లంకె విడివిడిగానే లెక్క, అందుకని అది పోతే నేనైతే జల్లెడతో దిగుతాను.