గోడౌన్ ర్యాకులకు ఏడాదికోసారి ఆడిట్ చేయిస్తే సరిపోతుందా?

పటాన్‌చెరు దగ్గర గోడౌన్ తీసుకుని ప్యాలెట్ ర్యాకులు (సరుకు పేర్చిన చెక్క పలకలను అంతస్తులుగా పెట్టే ఇనుప అరలు) వేయించామని, ఏడాదికోసారి బయటివాళ్లతో ఆడిట్ చేయిస్తే చాలా అని అడిగారు. చాలదు. ఆడిట్ మానేయమని నేను అనడం లేదు. నిపుణుల తనిఖీ 12 నెలలకు ఒకసారైనా జరగాలని యూరప్‌లో పాటించే ఈఎన్ 15635 ప్రమాణం కూడా చెబుతుంది. కానీ ర్యాక్‌కు దెబ్బ తగిలేది ఆడిటర్ వచ్చిన రోజు కాదు కదా. మిగతా రోజుల్లో, అదీ ఎక్కువగా రాత్రి షిఫ్టులో, లారీ బయట నిలబడి ఉన్నప్పుడు తగులుతుంది.

నేను మేడ్చల్ వైపు గోడౌన్లలో ఆపరేషన్స్ చూస్తుంటాను. 2017లో జీఎస్టీ వచ్చాక కంపెనీలు చిన్న చిన్న డిపోలు ఎత్తేసి పెద్ద గోడౌన్లకు మారాయి. ర్యాకుల ఎత్తు పెరిగింది, వాటి మధ్య ఫోర్క్‌లిఫ్టుల తొందర పెరిగింది. వాటిని చూసుకునే మనుషులు మాత్రం పెరగలేదు.

ఒకసారి దసరా ముందు సీజన్లో వంటనూనె కార్టన్లు, డిటర్జెంట్ బస్తాలతో గోడౌన్ నిండిపోయి ఉంది. సాయంత్రం ఊడ్చే ఆవిడ చేతిలో ఒక చిన్న ఇనుప పిన్ను పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. "సార్, ఊడుస్తుంటే ఇది దొరికింది. పైనుంచి పడ్డదేమో, జర చూడుండ్రి" అంది. అది బీమ్ లాకింగ్ పిన్. ప్యాలెట్లను మోసే అడ్డ కమ్మీ బీమ్, దాన్ని తగిలించే నిలువు స్తంభం కాలమ్. బీమ్ కొక్కేలు కాలమ్ రంధ్రాల్లోంచి పైకి లేచిపోకుండా ఆపేది అదే. ఆవిడ చూపించిన చోటుకు వెళ్లి తల పైకెత్తి చూస్తే రెండో లెవెల్ బీమ్ ఒక కొస కాస్త లేచి ఉంది. దాని కిందే, దారి వైపున్న కాలమ్‌కు మోకాలి ఎత్తులో పెయింట్ లేచిపోయి సొట్ట పడింది. పైన నాలుగు లెవెల్స్ నిండా సరుకు.

షిఫ్ట్ సూపర్‌వైజర్ "ఇంత సొట్టకేమవుతుంది సార్, ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి" అన్నాడు. మీటరు పొడవున్న స్టీలు స్కేలు తెప్పించి, సొట్ట మధ్యకు వచ్చేలా కాలమ్‌కు ఆనించి, సందు కొలిచాను. ఆ ఈఎన్ 15635 ప్రకారం, దారి వైపు నుంచి గుద్దుకుని కాలమ్ లోపలికి వంగితే ఆ మీటరులో 3 మిల్లీమీటర్ల దాకా ఓర్చుకోవచ్చు. బీమ్ పొడవు దిశలో వంగితే 5, ముందు, వెనక కాలమ్‌లను ఒక ఫ్రేమ్‌గా కలిపే బ్రేసింగ్ వంగితే 10. హద్దు దాటినా రెట్టింపు లోపే ఉంటే, ఆ చోటు ఖాళీ అయ్యాక మళ్లీ నింపకుండా నాలుగు వారాల్లో బాగు చేయించాలి. రెట్టింపు కూడా దాటితే వెంటనే సరుకు దించెయ్యాలి. మాది 6 దాటేసింది.

క్లయింట్ తరఫు మనిషి ఫోన్లో గట్టిగా అరిచాడు. తెల్లారేలోపు లోడ్లు పోవాలి, రేపు చూద్దాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒక కాలమ్ ఫ్రేమ్ రెండు పక్కల ఉన్న అరలనూ మోస్తుంది కాబట్టి రెండూ ఖాళీ చేయాల్సి వచ్చింది. దారికి రెండు కొసలా టేపు కట్టించి, ఎవరినీ లోపలికి రానివ్వకుండా, అందరికంటే అనుభవం ఉన్న ఆపరేటర్‌తో పైనుంచి కిందికి ఒక్కో ప్యాలెట్ దింపించాం. హమాలీలు లారీలకు సరుకు ఎక్కించే డాక్ దగ్గర సర్దుకుంటూ పోయారు. లారీలు ఆలస్యమయ్యాయి, నా మీద కంప్లైంట్ వెళ్లింది. మళ్లీ అలాంటిది కనబడితే మళ్లీ దింపిస్తాను. 2016లో ఇంగ్లండ్‌లోని హిన్‌స్టాక్‌లో ఒక గోడౌన్ ర్యాకులు కూలిపోతే, ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్ చీజ్ సరుకు కింద గంటల తరబడి ఇరుక్కుపోయాడు. ప్రాణాలతో బయటపడడం అతని అదృష్టం.

మర్నాడు ఇంకో సలహా వచ్చింది. వెల్డర్‌ను పిలిచి సుత్తితో సరిచేయించి పెయింట్ కొట్టిద్దామని. ఈ మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కాలమ్ అంటే గట్టి ఇనుప దిమ్మ కాదు, పల్చటి రేకును మడిచి చేసింది. పోస్ట్‌కార్డును మడిచి నిలబెడితే బరువు ఆపుతుంది, ఆ మడత నలిగితే ఆపదు. కొట్టి సాపు చేస్తే చూడటానికి బాగుంటుంది, బలం తిరిగి రాదు. పైగా పెయింట్ వేస్తే తర్వాత వచ్చే ఆడిటర్‌కు కూడా కనబడదు. కొత్త కాలమ్ వేయించాల్సిందే. వేయించాం.

అసలు విషయం ఇక్కడుంది. గుద్దింది ఎవరో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్లకు ఒడిశా నుంచి వచ్చిన ఒక కుర్ర ఆపరేటర్ తనే వచ్చి చెప్పాడు. ముందు పనిచేసిన చోట ఇలా చెబితే జీతంలో కోశారట. అందుకే భయపడ్డాడు. జీతం కోసే గోడౌన్లో ఏ ఆపరేటర్ నిజం చెబుతాడు? ఎన్ని ఆడిట్లు చేయించినా ఆ భయం పోదు. అదే షిఫ్టులో చెబితే ఒక్క రూపాయి కోయకూడదని మేనేజ్‌మెంట్‌తో గట్టిగా మాట్లాడి ఒప్పించాను. ఆ తర్వాత రిజిస్టర్లో దెబ్బల సంఖ్య పెరిగింది. పరిస్థితి పాడైందని ఒక మేనేజర్ అన్నాడు. పాడవలేదు, ఇన్నాళ్లూ దాచినవి ఇప్పుడు కనబడుతున్నాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ర్యాక్ ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ బోర్డులు ఇంగ్లిష్‌లో ఒక్క మూల పెట్టి వదిలేస్తారు. నడిపేవాళ్లకేమో తెలుగు, హిందీ, ఒడియా వచ్చు. బొమ్మలతో, పెద్ద అంకెలతో ప్రతి వరుస మొదట్లో పెట్టించండి. ఎత్తు ప్యాలెట్లు పట్టాలని కింది బీమ్‌ను పైకి జరిపితే ఆ బోర్డు మీది అంకె చెల్లదు. నేలకూ ఆ బీమ్‌కూ మధ్య ఆధారం లేని కాలమ్ పొడవు పెరిగే కొద్దీ అది మోసే బరువు తగ్గుతుంది. సన్నటి కాలమ్‌కు ఆ పొడవు రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోవచ్చు. బీమ్ ముట్టుకునే ముందే ర్యాక్ కంపెనీ నుంచి కొత్త లెక్క రాయించుకోండి.

మీరు రేపే చేయగలిగినవి ఉన్నాయి. మలుపుల దగ్గర కాలమ్ గార్డులు వేయించండి. ప్రతి షిఫ్టుకూ ఒక మీటరు స్కేలు, డబ్బా నిండా లాకింగ్ పిన్నులు ఇవ్వండి. వారానికోసారి ఒక మనిషి కాలమ్ అడుగున నేలకు బిగించే బేస్‌ప్లేట్ బోల్టుల నుంచి పై బీమ్ దాకా చూస్తూ నడవాలి, ఆ మనిషి పేరు గోడ మీద రాసి ఉండాలి. ఊడ్చేవాళ్లకు పిన్ను ఎలా ఉంటుందో చూపించండి. ఇక ఆడిట్‌కు కొటేషన్ ఇచ్చేవాళ్లను ఒకటే అడగండి: సొట్ట కనబడిన ప్రతి చోటా స్కేలు ఆనించి కొలిచి, కొలత రాసి ఇస్తారా, లేక ఫొటోలు తీసి రిపోర్ట్ పంపుతారా? కొలవని వాళ్లకు పని ఇవ్వకండి.