మూడు ఆఫర్లు వచ్చాయి, దేనికి ఓకే చెప్పాలి?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. తిరుమలకు వచ్చేవాళ్ల కోసం రూములు, టిఫిన్ సెంటర్లు, అలిపిరి నడకదారి గురించి ఇన్‌స్టాలోనూ యూట్యూబ్‌లోనూ వీడియోలు పెడుతుంటాను. నలభై వేలమంది ఫాలోయర్లున్నారు. ఇప్పుడు మూడు అఫిలియేట్ ప్రోగ్రాములు (నా లింకు మీద ఎవరైనా కొంటే నాకు కమీషన్ ఇచ్చేవి) నా ముందున్నాయి. ఒకటి పెద్ద షాపింగ్ సైటుది, కమీషన్ తక్కువ. రెండోది హోటల్ బుకింగులది, కంపెనీ సింగపూర్‌లో ఉంది, డాలర్లలో ఇస్తారట. మూడోది మా పెదనాన్న కొడుకు చెప్పింది: 14,999 కట్టి వీడియో కోర్సులు కొంటే నాకో లింకు ఇస్తారు, దాని మీద ఇంకెవరు కొన్నా 70 శాతం నాకే. దేంట్లో చేరితే లీగల్‌గా ఇబ్బంది ఉండదు?

జవాబు: మూడోదానితోనే మొదలుపెడతానమ్మా, మీ మనసు అటే లాగుతోందని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. 70 శాతం అంటే ఎవరికైనా లాగుతుంది. కానీ కమీషన్ ఎంత అని కాకుండా అది ఎవరి జేబులోంచి వస్తోందో చూడండి. షాపింగ్ సైటు ఇచ్చే కాస్త కమీషన్, సంచి కొన్న మనిషి సంచి కోసం ఇచ్చిన డబ్బులోంచి వస్తుంది, ఆ మనిషికి సంచి దక్కుతుంది, లెక్క అక్కడితో సరి. మీ అన్న చెప్పినదాంట్లో 14,999 కట్టేవాడు కోర్సు చూసి నేర్చుకుందామని కడుతున్నాడా, ఇంకో ఇద్దరిని చేర్చి తన డబ్బు రాబట్టుకుందామని కడుతున్నాడా? రేపటినుంచి చేర్చినందుకు పైసా ఇవ్వం అని కంపెనీ అంటే ఆ ధరకి ఆ కోర్సు ఒక్కరైనా కొంటారా? కొనరు అని మీకే అనిపిస్తే అది పేరు మార్చుకున్న గొలుసు స్కీము.

దీనికి 1978 నుంచే చట్టముంది, ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం. స్కీము నడిపినా, ప్రోత్సహించినా మూడేళ్లదాకా జైలు. మీకు ముఖ్యమైన ముక్క ఇంకోటి: దాని కోసం ప్రకటన వేసినా, ప్రచురించినా రెండేళ్లదాకా శిక్ష పడొచ్చు, మీరు పెట్టే రీల్ ప్రకటన కాదని కోర్టులో వాదించడం నా వల్ల కాదు. సరుకు చేతికి వస్తోంది కదా అన్న వాదన కూడా పాతదే. 2007లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పెద్ద మల్టీలెవెల్ కంపెనీ (మనుషుల్ని గొలుసుగా చేర్చుకుంటూ సరుకు అమ్మేది) కేసులో దాన్ని ఒప్పుకోలేదు. 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ రూల్సు (షాపు లేకుండా మనుషుల ద్వారా అమ్మే కంపెనీలకు పెట్టినవి) కూడా పిరమిడ్ స్కీముల్ని, అంటే ఈ గొలుసు స్కీముల్నే, నిషేధించాయి, చేరడానికి ఫీజు అడగకూడదన్నాయి. కోర్సు నిజంగా పనికొచ్చేదై, మీరు పైసా కట్టకుండానే లింకు ఇస్తే అది వేరే సంగతి. కట్టితేనే లింకు అన్నారంటే వదిలేయండి. పైగా స్కీము మూతపడ్డ రోజు ఆ కంపెనీ సారు ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు, కొర్లగుంటలో మీ ఇల్లు మాత్రం అందరికీ తెలుసు.

ఇక మిగిలిన రెండూ నిజమైన అఫిలియేట్లే, తేడా అంతా అగ్రిమెంట్లో ఉంటుంది. 'ఐ అగ్రీ' నొక్కితే కాగితం మీద సంతకం పెట్టినట్టే, సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 10ఎ సెక్షన్ ఎలక్ట్రానిక్ ఒప్పందం చెల్లుతుందనే చెబుతోంది. చదవలేదు అంటే ఏ జడ్జీ వినరు. నా దగ్గరికి చిత్తూరు నుంచి ఒకబ్బాయి వచ్చాడు, 62 వేల కమీషన్ ఆపేసి అకౌంట్ మూసేశారని. అగ్రిమెంట్ తీసి చూస్తే, వాట్సాప్ గ్రూపుల్లో లింకు పంచకూడదని రాసి ఉంది, ఇతను పంచింది అక్కడే, వాళ్ల పక్షాన వాదించాల్సి వస్తే నేనూ అదే చూపించేవాణ్ణి. ఇవి వెతికి చూడండి: లింకు ఎక్కడ పెట్టొచ్చు, మీ లింకు మీద మీరే కొనుక్కోవచ్చా (చాలాచోట్ల కుదరదు), అకౌంట్ మూసేస్తే అప్పటిదాకా సంపాదించినది ఇస్తారా. మీ లింకు నొక్కాక ఎన్ని గంటల్లోపు కొంటే మీ లెక్కలోకి వస్తుందో కూడా చూడండి. అమెజాన్‌లో మామూలుగా 24 గంటలే, అదీ కాక చేరిన 180 రోజుల్లో మూడు అమ్మకాలు కాకపోతే అకౌంట్ పోతుంది. నలభై వేలమంది చూసే పేజీకి రెయిన్‌కోట్లు, సంచులు పెట్టుకుంటే మూడు అమ్మకాలు పెద్ద లెక్క కాదులెండి.

అన్నింటికన్నా గొడవ కోర్టు దగ్గర. 'వివాదాలన్నీ ఢిల్లీ కోర్టులోనే', 'బెంగళూరులో ఆర్బిట్రేషన్' (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని ఉంటుంది, ఆ ఊళ్లో కోర్టుకు ఎలాగూ అధికారం ఉంటే మన కోర్టులు ఆ షరతును గౌరవిస్తాయి. ఇరవై వేల కోసం ఢిల్లీ లాయరుని పెట్టుకుంటారా? సింగపూర్ అయితే ఇంకా చెప్పక్కర్లేదు. '90 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే హక్కు పోతుంది' అన్న షరతు మాత్రం మన కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ముందు నిలవదు, బాకీ వసూలుకు మూడేళ్ల గడువుంది. కానీ ఒప్పందం మీద సింగపూర్ చట్టం వర్తిస్తుందని మీరే ఒప్పుకుంటే ఈ 28 గురించి మాట్లాడి లాభం లేదు.

అందుకే ఒక పని చేయండి, ఇది చాలామందికి తట్టదు. ఏ ప్రోగ్రాములోనైనా చేరకముందే ఉద్యం పోర్టల్లో (చిన్న వ్యాపారాల నమోదుకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైటు) సూక్ష్మ సంస్థగా, సేవల కింద నమోదు చేసుకోండి, అది ఉచితం, ఆధార్, పాన్ చాలు. భారతీయ కంపెనీ డబ్బు ఆపితే చిన్న సంస్థలకు రావాల్సిన బాకీల గొడవలు తేల్చే, మన రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు, కొనేవాడు దేశంలో ఎక్కడున్నా సరఫరాదారు ఉన్నచోటి కౌన్సిల్‌కే అధికారం. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ అడగొచ్చు. ఒప్పందంలో వేరే ఊరి ఆర్బిట్రేషన్ రాసి ఉన్నా ఈ దారి మూసుకుపోదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది, అయితే నమోదు ఒప్పందానికి ముందే ఉండాలని కూడా అదే తీర్పులో ఉంది. అఫిలియేట్ పని సేవ కిందికి రాదని కంపెనీ వాదించొచ్చు, వాదించనీయండి, కాగితం మీ చేతిలో ఉంటే మాటకు బలం. సింగపూర్ కంపెనీ మీద ఈ మంత్రం పారదు.

నా లెక్కలో ముందు షాపింగ్ సైటు, హోటల్ కంపెనీ రెండోది. అందులోనూ నెలనెలా డబ్బు తీసేసుకోగలిగితేనే, మూడు నాలుగు వందల డాలర్లు వాళ్ల దగ్గర పేరుకుపోనీయకండి.

మీ వైపు నుంచి చేయాల్సిందీ ఒకటుంది. కమీషన్ వచ్చే లింకు అని వీడియోలోనే చెప్పాలి, రాసి కూడా చూపించాలి, హ్యాష్‌టాగుల గుంపులో దాచేస్తే కుదరదు. మీ వీడియోలు తెలుగువి కాబట్టి 'ఇది ప్రకటన, కొంటే నాకు కమీషన్ వస్తుంది' అని తెలుగులోనే అనేయండి, జనం ఏమీ అనుకోరు. తప్పుదోవ పట్టించే ప్రకటన అయితే ప్రచారం చేసినవాళ్లకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పది లక్షలదాకా, మళ్లీ చేస్తే యాభై లక్షలదాకా జరిమానా వేయొచ్చు, ఏడాదిపాటు ప్రచారాలు చేయకుండా ఆపొచ్చు. ముందుగా విచారించుకునే చేశాను అని చూపించగలిగితే తప్పించుకోవచ్చు, కాబట్టి ఆ హోటల్లో మీరు దిగిన బిల్లు, తీసిన ఫొటోలు దాచండి. షుగరు తగ్గించే పొడి లాంటివి వస్తే ముట్టుకోకండి, అలాంటి మందుల ప్రకటనల మీద 1954 నాటి చట్టం వేరే ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆటల యాప్‌లదీ అంతే, మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకటనకే రెండేళ్లదాకా జైలు, యాభై లక్షలదాకా జరిమానా పెట్టింది. ఇంకోటి, మీ పేజీ తిరుమలది కాబట్టి దర్శనం టికెట్ల మీద కమీషన్ ఇస్తామని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. 300 రూపాయల టికెట్ టీటీడీ తనే ఆన్‌లైన్లో అమ్ముతుంది, దాని మీద మధ్యలో మీకు కమీషన్ ఎక్కడినుంచి వస్తుందో ఆలోచించండి.

పన్ను సంగతి క్లుప్తంగా. ఏడాదిలో కమీషన్ ఇరవై వేలు దాటితే భారతీయ కంపెనీ 2 శాతం టీడీఎస్ (మీ పన్ను కింద ముందే పట్టుకునేది) కోసుకుంటుంది, పాన్ ఇవ్వకపోతే 20. డాలర్లు వచ్చినా రిటర్నులో చూపాల్సిందే. జీఎస్టీ నమోదు మామూలుగా ఏడాదికి ఇరవై లక్షలు దాటాకే, అప్పుడు ఆడిటర్‌ని కలవండి, నన్ను కాదు.

మీ అన్న ఇప్పటికే 14,999 కట్టేసి ఉంటే తిట్టకండి. కట్టిన రసీదు, యూపీఐ స్క్రీన్‌షాట్, వాళ్లు పంపిన వాయిస్ మెసేజీలు అన్నీ ఒకచోట పెట్టుకుని ఎవరైనా లాయర్ని కలవమనండి, అదీ ఇంకొకరిని చేర్చకముందే. చేర్చాక వస్తే ఆయన పోగొట్టుకున్నవాడా, పోగొట్టినవాడా అన్నది కూడా తేల్చాల్సి వస్తుంది.