ఎవరూ అమ్మని సిస్టమ్ ఇంటికి పనికొస్తుందా?

ప్రశ్న: మాది కావలి. విశ్రాంత ఉపాధ్యాయుడిని. ఇంట్లో నాలుగో జనరేషన్ ఐ3, 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ ఉంది. విండోస్ 11 ఎక్కడం లేదు. మా మేనల్లుడు విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తానంటున్నాడు. జీతం లేకుండా ఎవరెవరో చేసినదాన్ని నమ్మి బ్యాంకు పనులు చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు మాస్టారూ. కానీ ముందు మీ ప్రింటర్ మోడల్ ఏమిటో చూడండి. జిరాక్సు షాపుల్లో తరచూ కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 అయితే లినక్స్‌లో దాని డ్రైవర్ (ప్రింటర్‌ను కంప్యూటర్‌తో పనిచేయించే ప్రోగ్రామ్) పెద్ద తలనొప్పి. హెచ్‌పీవి చాలావరకు ఇబ్బంది పెట్టవు.

‘జీతం లేకుండా’ అన్నది సగమే నిజం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ విద్యార్థిగా మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్‌కు, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌కు, నేడు ఎక్కువ కోడ్ రాస్తున్నది ఇంటెల్, గూగుల్, రెడ్ హ్యాట్ లాంటి కంపెనీల ఉద్యోగులే. ఆ కెర్నెల్‌తో తయారై, 1993లో పుట్టిన డెబియన్ అనే సిస్టమ్‌ను మాత్రం నిజంగానే స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్నారు. దాని మీద ఉబుంటు, ఉబుంటు మీద మింట్ నిలబడ్డాయి.

మీ భయం ఉత్తిదేమీ కాదు. లినక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రామ్‌ను దాదాపు ఒక్క మనిషే ఓపికగా చూసుకుంటుండగా, అందులోకి ఒక అజ్ఞాత వ్యక్తి సహాయకుడిలా చేరాడు. రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, దొడ్డిదారి తెరిచాడు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు 2024 మార్చిలో దాన్ని బయటపెట్టాడు. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో! స్థిరమైన డెబియన్, ఉబుంటు వెర్షన్లలోకి అది చేరకముందే దొరికిపోయింది. అయినా, 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసిన విండోస్ 10ను అప్‌డేట్లు లేకుండా బ్యాంకు పనులకు వాడటమే ఇంతకంటే ప్రమాదం. మింట్ 22కు 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి.

బ్రౌజర్, యూట్యూబ్, వాట్సాప్ వెబ్, యూనికోడ్ తెలుగు టైపింగ్... ఇవి చాలనుకుంటే మీకు లోటుండదు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల ఫైళ్లు మాత్రం అర్థంకాని గుర్తుల్లా కనబడతాయి. హార్డ్ డిస్క్ తీసి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టిస్తే వేగంలో తేడా మీకే తెలుస్తుంది.

ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్ డ్రైవ్ నుంచి మింట్‌ను నడిపి వారం రోజులు చూడండి. ప్రింటర్, వెబ్‌క్యామ్, వైఫై అన్నీ పనిచేస్తేనే ఎక్కించండి, అదీ ఫొటోలు వేరేచోట దాచుకున్నాకే. మేనల్లుడు ఉండేది ఏ ఊళ్లోనో మీరు రాయలేదు. అసలు విషయం అదే. చెడిపోయిందని షాపుకు తీసుకెళ్తే ‘విండోస్ వేసేస్తాం సార్’ అనే జవాబే ఎక్కువగా వస్తుంది. ఫోన్ చేస్తే పలికే మనిషి లేకపోతే నేనైతే వద్దంటాను.

ప్రశ్న: ఒంగోలులో చిన్న వ్యాపారం. ట్యాలీ కోసం ఉచిత రియాక్ట్‌ఓఎస్ వాడవచ్చా?

జవాబు: వద్దు. విండోస్ ప్రోగ్రాములు నడపాలన్న ఆశయంతో 1990ల నుంచీ తయారవుతున్నా అది ఇంకా ఆల్ఫా (తొలి పరీక్షల) దశ దాటలేదు. రోజువారీ పనికి సిద్ధం కాలేదని తయారుచేసేవాళ్లే చెబుతున్నారు. జీఎస్టీ లెక్కలుండే కంప్యూటర్‌లో అసలైన విండోస్ 11 వేయించండి.