లోపలి క

చిట్టీ,

నువ్వు ఆదివాసుల లిల్లూయెట్ భాష మీద పని చేయడానికి కెనడాలో మౌంట్ కర్రీ అనే ఊరికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. సంతోషం ఒకవైపు, టెన్షన్ ఒకవైపు.

రికార్డర్‌కి బ్యాటరీలు ఎక్కువే పెట్టుకో. ఊరివాళ్ల అనుమతి లేకుండా మైక్ తీయకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా క గురించి. అక్కడ రెండు క లున్నాయి. ఒకటి మనదే. రెండోది ఇంకా లోపల, నాలుక వెనక భాగం కొండనాలుకకు తగిలి పుడుతుంది. నీళ్లు పుక్కిలిస్తే ఎక్కడ గరగరమంటుందో అక్కడ నాలుక ఆనించి క అను, తెలుస్తుంది.

నీ వయసులో నేను వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ ఓపిగ్గా మాటలు చెప్పేది. ఆ లోపలి క పక్కన ఇ వస్తే ఎ లాగా, ఉ వస్తే ఒ లాగా వినిపిస్తుంది. మనకు పుట్టుకతోనే ఇ వేరు, ఎ వేరు కదా! నా చెవి అచ్చుల మీదే నిలిచిపోయింది. హల్లు మారిందని తట్టనే లేదు. మూడు వారాలు అన్నిటికీ ఒకే క రాశాను. రాసింది ఆవిడకు చదివి వినిపిస్తే రెండుసార్లు సరిదిద్దింది. మూడోసారి సరేనని తలూపి, టీ పెట్టడానికి లేచి వెళ్లింది. నాకు వచ్చేసిందని పొంగిపోయాను. ఇంటికొచ్చి టేపు విన్నాక అర్థమైంది, ఆవిడ అలసిపోయి వదిలేసింది. ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి పెట్టిన రెసిడెన్షియల్ బడుల్లో సొంత భాష మాట్లాడితే దెబ్బలు తిన్న తరం అది. అలాంటి మనిషిని కూర్చోబెట్టి నేను పరీక్ష పెట్టినట్టయింది.

ఇంకొకటి. గొంతు మూసి, నోట్లోనూ గాలిని అడ్డగించి, స్వరపేటికను పైకి లేపి టప్పున వదిలే హల్లులున్నాయి. వాటిని ఖ అనో ఠ అనో రాశావంటే చెవి మెలిపెడతాను. వాటికి మన ఒత్తక్షరాల్లాగా వెనకాల ఊపిరి రాదు. వాళ్లు తమ జాతికి చెప్పుకునే పేరు St̓át̓imc లోనే అలాంటిది రెండుసార్లు వస్తుంది, గాలి నాలుక పక్కల నుంచి విడుస్తూ. మాట మధ్యలో అంకె 7 కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకు, అక్కడ గొంతు ఒక్క క్షణం ఆగాలి.

చిన్నప్పుడు పళ్ళెంని పల్లెం అనేదానివి. ఒళ్లో కూర్చోబెట్టుకుని, అద్దం ముందు నాలుక ఎలా మడవాలో చూపించాను. లోపలి క అద్దంలో కనిపించదు తల్లీ, చెవినే నమ్ముకోవాలి. ఒకే మాట మూడోసారి అడగాల్సి వస్తే మాత్రం రికార్డర్ ఆపెయ్. లేచి, టీ నువ్వే పెట్టు.

మీ పెద్దమ్మ