ఇమ్యునోథెరపీ నడుస్తుండగా చైనా మూలికలు ఇవ్వొచ్చా?

మీ నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసేది) మొదలైందని, చైనా జిన్సెంగ్ పొడి ఇస్తే పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరిగి మందు ఇంకా బాగా పనిచేస్తుందని తెలిసినవాళ్లు చెప్పారని రాశారు. మా అమ్మకీ ఇదే జబ్బు, ఇదే మందు. డాక్టర్‌కి చూపించకుండా ఆ పొడి ఇవ్వకండి.

అలాగని అది గాలి కబురేం కాదు. ఇమ్యునోథెరపీ మొదలయ్యే రోజుల్లో, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాని కూడా చంపే యాంటీబయాటిక్స్ వాడినవాళ్లకి ఆ మందు తక్కువగా పనిచేసిందని 2018లో ఫ్రాన్స్‌లోని గుస్తావ్ రూసీ క్యాన్సర్ ఆస్పత్రి పరిశోధకులు చూపించారు. జిన్సెంగ్ నుంచి తీసిన పాలిసాకరైడ్లు (ఒక రకం పిండిపదార్థాలు) తోడైతే ఇదే కోవకు చెందిన మందు బాగా పనిచేసిందని చైనా శాస్త్రవేత్తలు కూడా ప్రచురించారు. కానీ అది ఎలుకల్లో. పైగా వాళ్లు వాడింది శుద్ధి చేసిన పదార్థం, షాపులో దొరికే డబ్బా కాదు.

మనుషుల్లో చూసినవాటిలో నాకు గట్టిగా అనిపించింది జపాన్‌లో జరిగిన పని. ఇరినోటెకాన్ అనే కీమో మందు విషాన్ని లివర్ విరిచి పేగుల్లోకి పంపుతుంది. అక్కడి బ్యాక్టీరియా ఒక ఎంజైమ్‌తో దాన్ని మళ్లీ విషంగా మారుస్తుంది. విరేచనాలు అంత తీవ్రంగా పట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. చైనా వైద్యం నుంచి జపాన్‌కి వెళ్లిన హాంగే షాషిన్‌టో అనే ఏడు మూలికల మందులోని బైకాలిన్ అనే పదార్థం ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్ల మీద చేసి, 2003లో ప్రచురించిన చిన్న ట్రయల్‌లో తీవ్రమైన విరేచనాలు బాగా తగ్గాయి. ఏ కీమోకి, ఏ ఇబ్బందికి, ఏ మందు ఇస్తున్నారో ముందే తెలిసి, డాక్టర్ల కళ్లముందే ఇచ్చారు. మూలికల్ని వాడాల్సిన పద్ధతి అదీ!

మా పిన్ని సింగపూర్ నుంచి ప్రేమగా ఇలాంటి పొడే తెచ్చింది. డబ్బా మీద ఎక్స్‌పైరీ డేట్ తప్ప మిగతాదంతా చైనీస్‌లోనే ఉంది. అమ్మకి దాని మీద చాలా ఆశ. డాక్టర్‌గారికి చూపిస్తే ఆయన రిపోర్టులో లివర్ ఎలా ఉందో చెప్పే ఎస్‌జీపీటీ అంకె దగ్గర వేలు పెట్టి, "రేపు ఇది పెరిగిందనుకోండమ్మా, ఇమ్యునోథెరపీ వల్లా, ఈ పొడి వల్లా? నేనెలా చెప్పను? తేలేదాకా అసలు మందు ఆపాల్సొస్తుంది" అన్నారు. అమ్మే ఆ డబ్బా మూసి సంచిలో పెట్టేసింది.

పేగుల కోసం మేం చేసేది వేరు. దగ్గు రాగానే మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకోవడం మన దగ్గర మామూలే కదా, అది అస్సలు చేయం. నిజంగా ఇన్ఫెక్షన్ ఉండి డాక్టర్ రాస్తే మాత్రం తప్పకుండా వేస్తాం. అమ్మ తినగలిగినంత రాగిజావ, తోటకూర పప్పు, జామకాయ పెడుతున్నాం. పీచు బాగా తిన్నవాళ్లలో ఇమ్యునోథెరపీ ఫలితం మెరుగ్గా ఉందని 2021లో చర్మ క్యాన్సర్ పేషెంట్లలో గమనించారు. మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ కూడా సొంతంగా మొదలుపెట్టకండి.

ఒకవేళ విరేచనాలు పట్టుకుంటే, తిండి పడలేదేమోలే అని ఇంట్లో ఉన్న మాత్ర వేసి ఊరుకోకండి. ఇమ్యునోథెరపీ మందు వల్ల పేగులు వాచే ప్రమాదం ఉంది, అదే రోజు ఆస్పత్రికి ఫోన్ చేయండి.