పాపకి బయాప్సీ అన్నారు, ఇంట్లో ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: మా పాపకి ఏడేళ్లు. తొడ మీద ఎనిమిది నెలలుగా పాలిపోయిన మచ్చ ఉంది. ఏ క్రీముకీ తగ్గలేదు. చర్మ డాక్టరు బయాప్సీ (చిన్న చర్మం ముక్క తీసి పరీక్షించడం) చేసి ‘కుష్ఠు కాదని తేల్చుకుందాం’ అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. కత్తి పెడితే ముదురుతుందని, ఆడపిల్లకి రేపు పెళ్లెలాగని అత్తయ్య అడ్డుపడుతున్నారు. మావారు ఎటూ తేల్చరు. పాపకి ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

జవాబు: అమ్మా, పిల్లల్లో ఇలాంటి మచ్చలు ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. కుష్ఠు అయితే సాధారణంగా మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది. పెద్దవాళ్లకైతే కళ్లు మూయించి, దూదితో తాకి కనుక్కుంటారు. ఏడేళ్ల పిల్ల భయంతో ఒకసారి తెలిసిందంటుంది, ఇంకోసారి లేదంటుంది. డాక్టరు ముక్క తీసి చూద్దామనడానికి అది ఒక కారణం కావచ్చు.

అయినా డాక్టరుని మూడు ప్రశ్నలు అడిగాకే ఒప్పుకోండి. మీ అనుమానాలేమిటి? రిపోర్టును బట్టి వైద్యం మారుతుందా? రెండు నెలలు ఆగితే నష్టమా? వైద్యం మారదంటే ఆగడంలో తప్పు లేదు. మారుతుందంటే వాయిదా వేయకండి, కుష్ఠులో ఆలస్యమైతే నరాలు దెబ్బతింటాయి.

ఈ సంభాషణకి మీవారిని తప్పకుండా తీసుకెళ్లండి. అత్తయ్యగారికి ఆయనే చెప్పాలి. కోడలు చెబితే అది వాదన అవుతుంది, కొడుకు చెబితే సమాచారం. ముక్క తీసినందువల్ల ఈ మచ్చ ముదరదు. ఒకవేళ కుష్ఠే అని తేలినా మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. మచ్చలు కొద్దిగా ఉంటే ఆరు నెలలు, ఎక్కువుంటే ఏడాది వాడితే నయమవుతుంది. పెళ్లి మాటకొస్తే, విడాకులకి కుష్ఠును కారణంగా చూపే నిబంధనను 2019లో చట్టం నుంచే తీసేశారు.

ఇక ఆ రోజు ఏం చేస్తారంటే, సూది నొప్పి తెలియకుండా ముందు మత్తు క్రీము రాసి గంటసేపు ప్లాస్టర్ వేసి ఉంచవచ్చు. అడిగితేనే చేసే చోట్లున్నాయి, కాబట్టి అడగండి. తర్వాత సన్న సూదితో మత్తు ఇస్తారు. అసలు బాధ ఇదే, కొన్ని క్షణాలు మండుతుంది. తిమ్మిరెక్కాక మూడు, నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి పరికరంతో, కింది కొవ్వు దాకా, పెసరగింజంత ముక్క తీస్తారు. నరాలు, చెమట గ్రంథులు లోపలే ఉంటాయి కనుక పైపైన గీరితే సరిపోదు. ఒకటో రెండో కుట్లు పడతాయి. పరగడుపున తీసుకెళ్లకండి, తేలిగ్గా తినిపించండి. పూర్తి మత్తు ఇస్తామంటే మాత్రం వాళ్లు చెప్పినన్ని గంటలు ఏమీ పెట్టకూడదు. రక్తం త్వరగా ఆగకపోవడం, ఇదివరకు పంటికి వేసిన మత్తు ఇంజెక్షన్ పడకపోవడం లాంటివుంటే ముందే చెప్పాలి. మెడికల్ షాపులో కొన్న క్రీముల ట్యూబులన్నీ పట్టుకెళ్లండి. స్టెరాయిడ్ ఉన్న క్రీము రాసిన చర్మం సూక్ష్మదర్శిని కింద వేరేలా కనిపించి రిపోర్టు తప్పుదారి పడుతుంది.

పాపకి ముందురోజు సాయంత్రం చెప్పండి. వారం ముందు చెబితే వారమంతా భయపడుతుంది, ఆస్పత్రి గుమ్మంలో చెబితే ఇక మిమ్మల్ని నమ్మదు. ‘అస్సలు నొప్పుండదు’ అనకండి. ‘మచ్చ ఎందుకొచ్చిందో చూడటానికి చిన్న ముక్క తీస్తారు. ముందు సూది వేస్తారు, మండుతుంది, ఇరవై లెక్కపెట్టేలోగా తగ్గిపోతుంది. తర్వాత నొక్కినట్టు, లాగినట్టు ఉంటుంది’ అని చెబితే చాలు. ఈ చివరి మాట ముఖ్యం. మత్తు నొప్పిని ఆపుతుంది గానీ ఒత్తిడిని ఆపదు, అది తెలియని పిల్లలు కదలికని కూడా నొప్పే అనుకుని ఏడుస్తారు. అమ్మ చెయ్యి పట్టుకోవాలో నాన్న చెయ్యో, ఫోనులో ఏ కార్టూనో తననే ఎంచుకోనివ్వండి. అల్లరి చేస్తే ఇంజెక్షన్ వేయిస్తాననే బెదిరింపు ఇంట్లో ఉంటే ఈ వారం నుంచే మానేయాలి.

ఇంటికొచ్చాక 24 గంటలు కట్టు తడవకూడదు. తర్వాత రోజూ నీళ్లతో మెల్లగా కడిగి వాజిలిన్ పలుచగా రాయండి. పసుపు, కాఫీపొడి వద్దు. నొప్పికి బరువుని బట్టి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ ఇవ్వకండి. రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు తీసి చూడకుండా అదిమి పట్టండి. ఆగకపోయినా, ఎరుపు పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికే. కాలి మీద కుట్లు 10 నుంచి 14 రోజులుంటాయి, అప్పటిదాకా సైకిలూ పరుగులూ వద్దు. చిన్న చుక్కంత మచ్చ మిగులుతుంది, అది అత్తయ్యగారికి ముందే చెప్పేయండి.

తీసిన ముక్క ఉన్న సీసా మీ చేతికిచ్చి ల్యాబులో ఇమ్మంటే పాప పేరు, వయసు, ముక్క తీసిన చోటు రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, అందులో నీళ్లు కలపకండి. రిపోర్టుకి వారం, ప్రత్యేక రంజనాలు (ముక్కకి పట్టించే రంగులు) వేస్తే ఇంకొన్ని రోజులు పడుతుంది. తొలిదశ కుష్ఠులో రిపోర్టు ఎటూ తేల్చకపోవడం కూడా మామూలే, అప్పుడు మచ్చను చూసిన డాక్టరు అంచనాయే ముఖ్యం. డాక్టరుతో మాట్లాడేదాకా రిపోర్టును బంధువుల వాట్సాప్‌లో పెట్టకండి. మరో డాక్టరుకి చూపించాలనిపిస్తే ల్యాబు నుంచి స్లైడ్లు (ముక్క పొరలు అతికించిన గాజు పలకలు), ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాక్ అడిగి తీసుకోండి. పాపకి మళ్లీ సూది వేయకుండానే ఇంకొకరు చూడగలరు.