మోర్మన్ల చరిత్ర చదువుతానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది ఒంగోలు. మా అమ్మాయి హైదరాబాదులో ఎంఏ చరిత్ర చివరి సంవత్సరం చదువుతోంది. అమెరికా వెళ్లి, అక్కడే పుట్టిన మోర్మన్లు అనే మత శాఖ గురించి, క్రైస్తవ మిషన్ల గురించి పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. మేం క్రైస్తవులం కాదు. మతం మారిపోతుందేమోనని బంధువులు భయపెడుతున్నారు. నాకైతే ఉద్యోగం గురించే బెంగ. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చి పంపవచ్చా?

జవాబు: అప్పు చేసి పంపకండి. మిగతా విషయాలన్నీ దీని తర్వాతే. ఇంజినీరింగ్ చదివినవాళ్లు అక్కడి జీతంతో అప్పు తీర్చుకుంటారు. చరిత్రలో అలాంటి జీతం మీద ఆశ పెట్టుకోకూడదు. అయితే అక్కడి మంచి విశ్వవిద్యాలయాలు పిహెచ్‌డి విద్యార్థులకు ఫీజు రద్దు చేసి, బోధనలో సాయపడినందుకు నెలనెలా భృతి ఇస్తాయి. అలాంటి సీటు వస్తేనే వెళ్లాలి. సొంత డబ్బుతో ఇంకో ఎంఏ చేయాలన్న ఆలోచన ఉంటే మానుకోమనండి. ఈ మధ్య కొన్ని విశ్వవిద్యాలయాలు మానవీయ శాస్త్రాల్లో పిహెచ్‌డి సీట్లు తగ్గించాయి కాబట్టి పోటీ ఇంకా పెరిగింది.

ఇక మతం మార్పు భయం. మోర్మన్ చరిత్రలో గొప్ప పేరున్న జాన్ షిప్స్ అనే మహిళ మెథడిస్టు, అంటే వేరే క్రైస్తవ శాఖకు చెందినవారు. 1960 ప్రాంతంలో కుటుంబంతో మోర్మన్లు ఎక్కువగా ఉండే యూటా రాష్ట్రంలోని లోగన్ పట్టణానికి వెళ్లి, చుట్టూ ఉన్న మనుషులను అర్థం చేసుకోవాలని ఆ చరిత్ర మొదలుపెట్టారు. జీవితమంతా వాళ్ల గురించే రాశారు, చివరిదాకా మెథడిస్టుగానే ఉన్నారు. మోర్మన్ చరిత్రకారుల సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నికైన తొలి బయటి వ్యక్తి ఆవిడే. ఒక మతాన్ని నమ్మడం వేరు, దాని పత్రాలు చదివి అది ఎలా పుట్టింది, ఎలా నిలబడింది అని అడగడం వేరు. నిజానికి లోపలివాళ్లకే ఈ పని కష్టం. లియొనార్డ్ ఆరింగ్టన్ స్వయంగా మోర్మన్, వృత్తిరీత్యా ఆర్థిక చరిత్రకారుడు. 1972లో చర్చి ఆయన్ను అధికారిక చరిత్రకారుడిగా నియమించింది. ఆయన బృందం పత్రాలను దాపరికం లేకుండా పరిశీలించడం పెద్దలకు నచ్చలేదు. 1982కల్లా ఆ చరిత్ర విభాగాన్ని చర్చి ప్రధాన కార్యాలయం నుంచి తరలించారు. 1993లో చర్చి బహిష్కరించినవారిలో చరిత్రకారుడు మైకేల్ క్విన్ ఒకరు. మీ అమ్మాయికి ఆ ముప్పు లేదు. పత్రాలు చూడనిచ్చే తాళం మాత్రం చాలావరకు చర్చి చేతిలోనే ఉంటుందని ఆమెకు ముందే తెలియాలి.

మోర్మన్లు ఏదో వింత శాఖ, దాని మీద ఏళ్ల తరబడి చదువు ఎందుకు అని మీరు అనుకోవచ్చు. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ ఆ చర్చిని స్థాపించాడు. 1844లో ఇల్లినాయ్‌లో జైల్లో ఉన్న అతన్ని మూక చంపింది. 1847లో బ్రిగమ్ యంగ్ అనుచరులను ఎడారి దాటించి యూటా చేర్చాడు. బహుభార్యాత్వం మీద ప్రభుత్వంతో దశాబ్దాల పోరు నడిచింది. 1890లో చర్చి దాన్ని విడిచిపెడుతున్నట్టు ప్రకటించాక, 1896లో యూటాకు రాష్ట్ర హోదా దక్కింది. మత స్వేచ్ఛకు హద్దు ఎక్కడ అన్న ప్రశ్నను అమెరికా న్యాయస్థానాలు తేల్చుకోవలసి వచ్చింది వీళ్ల వల్లే. అమెరికాను అర్థం చేసుకోవాలంటే ఇది మంచి దారి.

కానీ యూటాలో పుట్టి పెరిగిన పరిశోధకులతో అదే విషయం మీద పోటీపడితే ఒంగోలు అమ్మాయి ఎప్పుడూ వెనకే ఉంటుంది. ఆమె బలం వేరే చోట ఉంది, అది మీ ఊళ్లోనే ఉంది. క్లౌ దొర పేరు మీరు వినే ఉంటారు. జాన్ ఎవరెట్ క్లౌ బాప్టిస్టు అనే క్రైస్తవ శాఖకు చెందిన అమెరికన్ మిషనరీ. 1876-78 కరవులో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. తిండి కోసం వచ్చేవాళ్లను చేర్చుకోకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. అంతకు పాతికేళ్ల ముందు, 1853లో, మోర్మన్ ప్రచారకులు మద్రాసులో దిగారు, కలకత్తాలో అప్పటికే ఉన్నారు. పెద్దగా ఎవరూ చేరకుండానే కొన్నేళ్లలో తిరిగి వెళ్లిపోయారు. అదే చర్చి భారతదేశంలో తన తొలి పెద్ద ప్రాంతీయ విభాగాన్ని 2012లో హైదరాబాదులోనే ఏర్పాటుచేసింది. ఆ కాలంలో ఒకే దేశం నుంచి వచ్చిన రెండు మిషన్లలో ఒకటి ఎందుకు వేళ్లూనుకుంది, మరొకటి ఎందుకు ఎండిపోయింది? ఇది పిహెచ్‌డికి తగిన ప్రశ్న. నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న కూడా.

దీనికి మిషనరీలు బోస్టన్‌లోని తమ సంస్థకు రాసిన ఇంగ్లిషు ఉత్తరాలు ఒక్కటే చాలవు. యర్రగుంట్ల పేరయ్య వంటి తొలి బోధకులు ఏం చెప్పారు, పల్లెల్లో చర్చి రిజిస్టర్లలో ఏముంది, ఏ కీర్తనలు పాడారు, కుటుంబాలు ఏం గుర్తుపెట్టుకున్నాయి, ఇదంతా తెలుగులోనే ఉంది. అమెరికా ఆచార్యుడికి దొరకనిది ఆమెకు దొరుకుతుంది. సీటు ఇచ్చేవాళ్లు చూసేది కూడా ఇదే: ఈ ప్రశ్నను ఈ విద్యార్థే ఎందుకు అడగగలదు?

అందుకని ఈ సెలవుల్లో ఆమెను ఊరికి రమ్మనండి. ప్రకాశం జిల్లాలో రెండు మూడు పాత చర్చిల రిజిస్టర్లు అనుమతితో చూసి, పెద్దవాళ్లతో మాట్లాడి, ఇరవై ముప్పై పేజీల వ్యాసం ఇంగ్లిషులో రాయమనండి. దరఖాస్తుకు జతచేయాల్సిన నమూనా రచన అదే అవుతుంది. మోర్మన్ చరిత్రకు ప్రత్యేక ఆచార్య పీఠాలున్న క్లేర్‌మాంట్, వర్జీనియా విశ్వవిద్యాలయాలను పరిశీలించవచ్చు. వర్జీనియాలో మత అధ్యయన విభాగం కూడా పెద్దది. కానీ పీఠం పేరు చూసి కాకుండా, భారతదేశంలో మిషన్ల మీద పనిచేసే గైడు ఉన్నారో లేదో చూసి ఎంచుకోవాలి. దరఖాస్తుకు ముందే ఆ గైడుకు రాయాలి. దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తాయి.

దానితో పాటే యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష తప్పకుండా రాయించండి. చరిత్రతో పాటు తులనాత్మక మత అధ్యయనం కూడా అందులో ఒక సబ్జెక్టు. దాని ద్వారా జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక భృతి వస్తే ఇక్కడే నెలకు 37,000 రూపాయలతో ఇదే ప్రశ్న మీద పిహెచ్‌డి మొదలుపెట్టి, ఫుల్‌బ్రైట్-నెహ్రూ వంటి ఫెలోషిప్పుతో కొన్ని నెలలు అమెరికా పత్రాగారాల్లో పనిచేయవచ్చు. శాశ్వత అధ్యాపక ఉద్యోగాలు రెండు దేశాల్లోనూ తక్కువే, అది ఆమెకు దాచకుండా చెప్పండి. పాత పత్రాలు చదివి భద్రపరిచే పని, మ్యూజియం, ప్రచురణ రంగాల్లో పనికొచ్చే నైపుణ్యం ఒకటి ఆమె చదువుకునే రోజుల్లోనే నేర్చుకోవాలి. రెండుసార్లు దరఖాస్తు చేసినా పూర్తి భృతితో సీటు రాకపోతే జేఆర్‌ఎఫ్ దారి పట్టమనండి. తాకట్టు మాట మాత్రం ఇంట్లో మళ్లీ ఎత్తకండి.